దొరబండి గేర్‌బాక్సు

"నీకీ పని వచ్చా, రాదా? రాకపోతే రాదని చెప్పు, పోయేదేం లేదు."

రెండు వేల రెండు ఫిబ్రవరిలో, రాజమండ్రి పక్కన మోరంపూడి దాటాక హైవే పక్కనున్న రేకుల షెడ్డు ముందు నిలబడి కొవ్వూరు ఇసుక కాంట్రాక్టరు బుల్లబ్బాయి గారు నేలపూడి అబ్రహాముని అడిగిన మాట ఇది. అడిగిన తీరులో వెటకారం లేదు, బెదిరింపూ లేదు. మనిషి నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. వచ్చంటే బండి ఇక్కడే దిగుతుంది, రాదంటే చెన్నై నుంచి మనిషిని పిలిపిస్తాడు. అబ్రహాముకి అప్పటికి నలభై ఆరేళ్లు. పదిహేనో ఏట లారీ కిందకి దూరినవాడు మళ్లీ పూర్తిగా బయటికి రాలేదు. రాజమండ్రి చుట్టుపక్కల గేర్‌బాక్సు అంటే అతని పేరే చెప్పేవాళ్లు. ముప్పై ఏళ్లలో ఏ బండి యజమానితోనూ "రాదు" అన్న పాపాన పోలేదు.

"ఆయ్, వచ్చండి," అన్నాడు.

పూర్తిగా అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు, బడికి వెళ్లకపోయినా వేళ్ల చివర విద్య ఉందని ఒక మాట వేయడం మనవాళ్లకి అలవాటు. అబ్రహాము వేళ్ల చివర ఉన్నది గ్రీజు. అతను మంచి మేస్త్రి. అంతకన్నా ఎక్కువ కాదు, తక్కువా కాదు. మంచి మేస్త్రులు కూడా తప్పు చేస్తారు. చేసినప్పుడు ఆ తప్పుని ఏ పొగడ్తా వెనక్కి తీసుకోదు.

ముందు బండి సంగతి. అది మన లారీ కాదు. చమురు బావులు తవ్వే కంపెనీ ఒకటి పాత సామాను వేలం వేస్తే బుల్లబ్బాయి గారు పాడుకున్న అమెరికా ట్రక్కు. పది చక్రాలు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ కూడా ఇంజను బలం అందుతుంది. స్టీరింగు ఎడమ పక్క. క్లచ్ పెడలు అసలే లేదు. డ్రైవరు లివరు ఒక్కసారి ముందుకి తోస్తే చాలు, ఆ తర్వాత గేర్లు వాటంతటవే మారతాయి. కొవ్వూరులో ఇసుక కోసం లారీలు ఏట్లోకి దిగే ర్యాంపులో దాన్ని దొరబండి అనేవాళ్లు.

ఆ బండి విలువ తెలియాలంటే ఏప్రిల్లో గోదారిలోకి దిగి చూడాలి. నీళ్లు ఎక్కడో నడుమన సన్నగా పారుతుంటాయి. మంచి ఇసుక లోపలెక్కడో ఉంటుంది. మామూలు లారీ లోడుతో కదలబోతే వెనక చక్రాలు కూరుకుపోతాయి. డ్రైవరు క్లచ్ మీద కాలు ఆడిస్తూ తంటాలు పడతాడు. ఒక గంటకి మాడిన వాసన వస్తుంది, క్లచ్ ప్లేటు పోయిందని అర్థం. దొరబండికి ఆ బాధ లేదు. దాని ఇంజనుకీ గేర్లకీ మధ్య ఉండేది నూనె నిండిన ఒక పెద్ద డబ్బా. ఇంజను ఆ నూనెని తిప్పితే, నూనె గేర్లని మెల్లగా తోస్తుంది. కుదుపు ఉండదు. అందుకని అది మెత్తటి ఇసుకలో కూడా చూలు గేదెలా నిదానంగా నడుచుకుంటూ పైకొచ్చేసేది. వస్తూ వస్తూ దిగబడ్డ లారీని కూడా తాడుకి కట్టి లాక్కొచ్చేది. ఆ లాగుడుకి బుల్లబ్బాయి గారు వేరే వసూలు చేసేవారు.

చిక్కెక్కడ వచ్చిందంటే, దాని సొంత ఇంజను చచ్చిపోయింది. సామాను దొరకదు. బుల్లబ్బాయి గారు తుక్కులోకి పోయిన ఒక పెద్ద లోడరు ఇంజను కొని కొవ్వూరులోనే బిగించేశారు. పాతదానికి ఒకటిన్నర రెట్లు బలం. ఆయన సంతోషం పది రోజులు ఉంది. తర్వాత లోడు మీద పై గేరు పడగానే ఇంజను అరవడం, బండి కదలకపోవడం మొదలైంది. గేర్‌బాక్సు ఆ బలాన్ని పట్టుకోలేకపోతోంది. వచ్చే ఏడు జులైలో గోదావరి పుష్కరాలు. రేవులు కట్టాలి, మెట్లు పోయాలి, ఇసుక కావాలి. ఆ పనిలో ఆయనకి వాటా ఖాయమైంది. దొరబండి నడిస్తేనే ఆ వాటా గిట్టుబాటు.

అబ్రహాముకి వచ్చింది ఎంత? నాలుగేళ్ల కిందట చమురు కంపెనీ యార్డులో అలాంటిదే ఒక క్రేను బండి గేర్‌బాక్సు పోతే మద్రాసు నుంచి మేస్త్రి వచ్చాడు. ఐదు రోజులు అబ్రహాము అతని పక్కన సామాను కడిగిపెట్టాడు. ఊరికే కడగలేదు, ప్రతిదీ అడిగి తెలుసుకున్నాడు. లోపల పళ్ల చక్రాలు ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. ఒక గేరు పడాలంటే గుండ్రటి ప్లేట్ల కట్ట ఒకటి బిగుసుకోవాలి. ఆ కట్టని బిగించేది నూనె. నూనెని తోసేది పంపు. పంపుని తిప్పేది ఇంజను. ఈ వరస అతనికి సండేస్కూల్లో నేర్చుకున్న వచనాల్లా నోటికొచ్చు. కానీ అలాంటి బాక్సుని తన చేత్తో విప్పి మళ్లీ కట్టిన అనుభవం లేదు.

భార్య దేవకుమారి మిషను ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆ మద్రాసు ఆయన్ని పిలిపిస్తే ఎంతవుతుందని అడిగింది. పిలిపిస్తే ఇంక తనకి మిగిలేదేముందని అబ్రహాము విసుక్కున్నాడు.

"ఏవండీ, తెలీదని చెప్పడానికి డబ్బులు కట్టక్కర్లేదు కదా," అంది ఆవిడ.

అతను మజ్జిగ పోసుకున్నాడు.

పనికి అతను వేసుకున్న పథకం తెలివి తక్కువది కాదు. బలం పెరిగితే ప్లేట్లు జారతాయి, జారితే కాలతాయి, కాబట్టి జారకుండా చూడాలి. పై గేరు కట్టలో ఉన్న దిమ్మ చక్రాన్ని లేతు మీద పలచగా కోయించి, ఆ మిగిలిన జాగాలో రెండు ప్లేట్లు అదనంగా దూర్చాడు. నూనె ఒత్తిడిని అదుపులో పెట్టే చిన్న స్ప్రింగు వెనక వాషర్లు పెట్టి ఒత్తిడి పెంచాడు. మట్టి తవ్వే ప్రొక్లెయిన్ ఒకటి పాడైతే దాన్నుంచి పీకిన ఆయిల్ కూలరు తెచ్చి, వేడి తగ్గడానికి బండి ముందు భాగంలో వేలాడదీశాడు. ప్లేట్లు మాత్రం చెన్నై నుంచి రావాలి, అవి అమెరికా సరుకు.

షెడ్ల దగ్గర ఒక పద్ధతుంది. పెద్ద పనికి యజమాని సగం డబ్బు ముందిస్తాడు. సామాను మేస్త్రే తెచ్చుకోవాలి. చెప్పిన గడువు దాకా బండి తిరిగాక మిగతా సగం. ఆలోగా పోతే మళ్లీ కట్టే కూలీ మేస్త్రిదే, సామానూ మేస్త్రిదే. దీన్ని గ్యారంటీ అంటారు. కాగితం ఉండదు, సాక్ష్యం అక్కర్లేదు, ఎగ్గొట్టినవాడి షెడ్డుకి మళ్లీ లారీ రాదు. మామూలు గేర్‌బాక్సుకి ఆరు నెలలు ఇస్తారు. అబ్రహాము పుష్కరాల పని ముగిసేదాకా ఇచ్చాడు. ఎందుకిచ్చావని తర్వాత దేవకుమారి అడిగితే, ఆయన అడగలేదు, నేనే అనేశాను అన్నాడు.

సామానుకి సగం డబ్బు సరిపోలేదు. షెడ్డునీ, అందులో ఉన్న లేతునీ, ప్రెస్సునీ ఒక ఫైనాన్సు ఆసామి దగ్గర తాకట్టు పెట్టాడు. దొరబండి పుష్కరాల దాకా నడిస్తే మిగతా సగం వస్తుంది, షెడ్డు నిలుస్తుంది. నడవకపోతే షెడ్డు పోతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు, అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు.

ఏప్రిల్లో బండి తయారైంది. అబ్రహామే లోడు వేయించుకుని జగ్గంపేట దాకా నడుపుకుంటూ వెళ్లి వచ్చాడు. పై గేరు పడ్డప్పుడు పట్టు ఎలా ఉందంటే, సీటు వీపుని తోసింది. దిగి నూనె పుల్ల తీసి చూస్తే నూనె ఎర్రగా, శుభ్రంగా ఉంది. వేలికి రాసుకుని వాసన చూశాడు. ఆ సాయంత్రం దేవకుమారికి కాజాలు తెచ్చాడు. అతని జీవితంలో ఆ బండి వల్ల కలిగిన సుఖం మొత్తం ఆ ఒక్క సాయంత్రమే, కాబట్టి కాజాల సంగతి కూడా చెప్పడం.

మే నెలాఖరున కొవ్వూరు ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోను. చేసినవాడు సత్తిరాజు, దొరబండి డ్రైవరు. పద్దెనిమిదేళ్లుగా బుల్లబ్బాయి గారి దగ్గరే ఉన్న మనిషి. బక్కగా ఉంటాడు, బీడీ నోట్లోంచి తీయకుండా మాట్లాడతాడు.

"మేస్త్రిగారూ, మీ పెళ్ళికూతురు అలిగి కూర్చుందండి. లేపినా లేవట్లేదు."

బండిని లాక్కొచ్చి బాక్సు విప్పితే పై గేరు ప్లేట్లు బొగ్గులా ఉన్నాయి. లోపలి ఇరుసులు తిరిగే బుష్‌లు వేడికి నీలం తిరిగాయి. నూనె కాఫీ డికాషన్ రంగులో మాడు కంపు కొడుతోంది. ఎలా నడిపావు, ఎక్కడైనా అదనంగా లోడు వేశావా అని అబ్రహాము సత్తిరాజుని గుచ్చి గుచ్చి అడిగాడు.

"ఎప్పట్లాగేనండి," అన్నాడు సత్తిరాజు. అది అక్షరాలా నిజం.

ఒత్తిడి చాల్లేదనుకున్నాడు అబ్రహాము. ఇంకో వాషరు పెట్టాడు. కొత్త ప్లేట్లు తెప్పించాడు, ఈసారి తన డబ్బుతో. వానలు వచ్చి గోదారి నిండింది కాబట్టి నవంబరు దాకా బండికి పని లేదు. ఏట్లో నీళ్లు తగ్గాక మళ్లీ దిగింది. జనవరిలో మళ్లీ పోయింది. అవే ప్లేట్లు, అదే నీలం, అదే కంపు. సత్తిరాజుని మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు.

అప్పటికి మోరంపూడి టీ కొట్ల దగ్గర అబ్రహాముకి కొత్త పేరు వచ్చింది, అమెరికా మేస్త్రి అని. పాత లారీల వాళ్లు తమ గేర్‌బాక్సులు అవతలి షెడ్డుకి తీసుకుపోవడం మొదలుపెట్టారు. అదేంటండీ అంటే, మీరు పెద్ద పనిలో ఉన్నారు కదా మేస్త్రిగారూ, మా డొక్కు బళ్లతో మిమ్మల్నెందుకు ఇబ్బంది పెట్టడం అనేవారు. నవ్వకుండానే అనేవారు.

మూడోసారికి డబ్బు లేదు. దేవకుమారి టీచర్ల సొసైటీలో లోను పెట్టింది. అక్కడ సంతకం పెట్టేసింది. ఇంటికొచ్చి మాత్రం, ఒక్క మాట అడుగుతాను, ఎందుకు కాలుతున్నాయో ఇప్పటికైనా తెలిసిందా అంది. తెలిసిందన్నాడు. బుష్‌లకి నూనె అందడం లేదు, దారి చిన్నదైంది, రంధ్రాలు పెద్దవి చేయిస్తున్నానన్నాడు. సగం తెలిసింది. నూనె అందడం లేదన్నది నిజం. దారి మాత్రం చిన్నదవ్వలేదు.

మూడోసారి కట్టిన బాక్సు ఆరు వారాలుగా నడుస్తోంది. రెండు వేల మూడు ఏప్రిలు వచ్చేసింది. రేవుల దగ్గర పగలూ రాత్రీ పని నడుస్తోంది. ఫైనాన్సు ఆసామి మనిషి రెండుసార్లు షెడ్డుకి వచ్చి లేతు చుట్టూ తిరిగి చూసి వెళ్లాడు. మిగతా సగంలో కొంతైనా ఇప్పుడే ఇమ్మని అడుగుదామని అబ్రహాము పొద్దున్నే కొవ్వూరు బస్సెక్కాడు. రాజమండ్రినీ కొవ్వూరునీ కలిపే, కింద రైలూ పైన రోడ్డూ ఉన్న బ్రిడ్జి ఎక్కుతుండగా, ఇంకా రాజమండ్రి వైపు ఏటవాలు మీద ఉండగానే, బస్సు టైరు పంచరైంది. అందరూ దిగారు. అబ్రహాము పిట్టగోడ పక్కన నిలబడ్డాడు. కింద రైలు పోతుంటే కాళ్ల కింద ఇనుము అదురుతోంది.

రైలు పోయింది. అప్పుడు పైనుంచి దొరబండి వస్తూ కనిపించింది. నిండా తడి ఇసుక, వెనక నీళ్లు కారుతున్నాయి. బండి దగ్గరికొస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. ఆ ఇంజను చప్పుడు అతను అర కిలోమీటరు దూరం నుంచి గుర్తుపడతాడు. ఇప్పుడు వినిపిస్తున్నవి టైర్ల రుద్దుడూ, బ్రిడ్జి అతుకుల మీద చక్రాలు పడ్డప్పుడు వచ్చే దబదబా మాత్రమే. పక్కనుంచి పోతూ సత్తిరాజు చెయ్యి ఊపాడు. ఏటవాలు చివర సెల్ఫు కొట్టిన చప్పుడు, ఇంజను లేచిన చప్పుడు, ఆ వెంటనే బండి ఒక్కసారి ముందుకి విసురుకోవడం. లివరు వేశాడన్నమాట.

అబ్రహాము పిట్టగోడ వదిలి రోడ్డు మీదకి వచ్చి, దిగిపోతున్న బండి వైపు చూశాడు.

ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. పంపు ఆగితే నూనె ఆగుతుంది. కానీ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, వాటితో పాటు బాక్సు లోపలి ఇరుసులూ తిరుగుతాయి, చుక్క నూనె లేకుండా, ఏటవాలు ఉన్నంత దూరం. దిగాక మళ్లీ ఇంజను లేపి, పరుగు మీదున్న బండికి లివరు వేస్తే, ఆ ఎండిపోయిన ప్లేట్లు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. రోజుకి ఎన్ని ట్రిప్పులో అన్నిసార్లు. లోడుతో రాజమండ్రి వైపు ఒకసారి, ఖాళీగా కొవ్వూరు వైపు ఒకసారి.

మామూలు లారీ గేర్‌బాక్సుకి ఇందులో ఏ నష్టమూ లేదు. అందులో పళ్ల చక్రాలు అడుగున ఉన్న నూనెలో మునిగి తిరుగుతాయి, పంపుతో పనే లేదు. అందుకే ఈ బ్రిడ్జి కట్టినప్పటి నుంచీ దాని మీద దిగే లారీలన్నీ ఇంజను ఆపుకునే దిగుతున్నాయి. అబ్రహాముకి ఇది ఒకరు చెప్పాలా? బ్రిడ్జి కొత్తలో అతను క్లీనరు. పైకొచ్చాక డ్రైవరు తాళం తిప్పేస్తే, ఒక్కసారిగా చప్పుడంతా పోయి గోదారి గాలి చెవుల్లో పడేది. ఆ దిగుడు కోసం ఎదురు చూసేవాడు. అంటే రెండు సంగతులూ అతనికి తెలుసు. పంపుని తిప్పేది ఇంజనని తెలుసు. దిగుడులో ఇంజను ఆపుతారని తెలుసు. ఆ రెండూ పద్నాలుగు నెలలు ఒకే బుర్రలో పక్కపక్కన కూర్చుని ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. జగ్గంపేట దాకా నడిపి చూసినవాడు ఒక్కసారి ఈ బ్రిడ్జి మీద సత్తిరాజు పక్కన కూర్చుని ఉంటే చాలు.

అతను వెంటనే కొవ్వూరు వెళ్లలేదు. ఇసుక దించుతున్న రేవు దగ్గరికి నడుచుకుంటూ పోయాడు. సత్తిరాజు బండి నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు. విషయం విని అతను కంగారుపడలేదు, దాచిపెట్టానన్న సిగ్గు కూడా అతని మొహంలో లేదు. దాచడానికి ఏముందక్కడ?

"దిగుడులో ఇంజను ఆపకపోతే నేనేం తినాలండీ?" అన్నాడు.

లెక్క అందరికీ తెలిసిందే. ట్రిప్పుకి ఇంత అని యజమాని డీజిలు కొలిచి పోయిస్తాడు. అందులో మిగిల్చుకున్నది డ్రైవరుది. క్యానులో పట్టుకెళ్లి రోడ్డు పక్క కొట్లో అమ్ముకుంటాడు. జీతం అని చెప్పేది బియ్యానికి సరిపోతుంది. మిగతా సంసారమంతా ఆ క్యాను. స్టీరింగు బిగుసుకుపోదా, ఇంజను ఆపితే దాన్ని తిప్పడం ఎంత కష్టం అని అబ్రహాము అడిగాడు, ఇంకేం అడగాలో తెలియక. చేతులున్నాయి కదండీ అన్నాడు సత్తిరాజు.

ఈ ఒక్క బండికి మానెయ్యి, ఆ నష్టం నేనిస్తానన్నాడు అబ్రహాము. సత్తిరాజు గ్లాసు కింద పెట్టి అతన్ని పైనుంచి కిందకి చూశాడు. ఆ చూపులో జాలి ఉంది.

"మీరెక్కణ్ణుంచి తెస్తారు మేస్త్రిగారూ? మీ షెడ్డు పోతోందని ర్యాంపులో అందరికీ తెలుసండి. బుల్లబ్బాయి గారికి చెప్పండి. ఆయన ట్రిప్పుకి ఇంకో యాభై ఇస్తానంటే నేను దిగుడులో కూడా ఇంజను మోగించుకుంటూ, హారను కొట్టుకుంటూ దిగుతాను. నాకేంటి."

సాయంత్రం కొవ్వూరులో బుల్లబ్బాయి గారు మొత్తం విన్నారు. మధ్యలో అడ్డు రాలేదు. ఆయన చెడ్డవాడని రాస్తే కథ తేలికవుతుంది గానీ, చెడ్డవాడు కాదు. డబ్బు లెక్క తెలిసినవాడు. అబ్రహాము మాటలు ముగిసేసరికి ఆయన మొహంలో కోపం కూడా లేదు, ఏదో సరిగ్గా సరిపోయిందన్నట్టు తల ఊపారు.

"అయితే రెండుసార్లూ పోయింది ఇందుకేనంటావు."

"ఆయ్, ఇందుకేనండి."

"మరి ఇంజను ఆపకూడదని నువ్వు గ్యారంటీ ఇచ్చేటప్పుడు చెప్పావా?"

అబ్రహాము చెప్పలేదన్నాడు.

"ఈ బ్రిడ్జి మీద లారీలు ఎలా దిగుతాయో నీకు తెలీదా? నువ్వు ఈ ఊరి మేస్త్రివేనా, ఆ బండితో పాటు అమెరికా నుంచి దిగావా?"

తెలుసన్నాడు.

"ఈ రోడ్డు మీద, ఈ డ్రైవరుతో, ఈ పద్ధతిలో నడిచే బాక్సు కట్టమన్నాను నేను. నువ్వు వేరే దేశంలో నడిచే బాక్సు కట్టావు. సత్తిరాజుకి ట్రిప్పుకి యాభై పెంచితే నా మిగతా ఆరు బళ్ల డ్రైవర్లు ఊరుకుంటారా? రేపొద్దున్న ర్యాంపంతా నా గుమ్మంలో ఉంటుంది. నీ గేర్‌బాక్సు కోసం నేను కొవ్వూరు పద్ధతి మార్చలేను అబ్రహాం."

దీనికి ఒక జవాబు ఉంటే బాగుండునని ఆ రాత్రంతా అబ్రహాము వెతికాడు. దొరకలేదు. ఎందుకంటే బుల్లబ్బాయి గారు చెప్పినదాంట్లో తప్పు లేదు.

ఒక్క ఉపాయం మాత్రం తట్టింది. బ్యాటరీతో తిరిగే చిన్న పంపు ఒకటి విడిగా పెడితే ఇంజను ఆగినా బాక్సుకి నూనె అందుతుంది. వారం రోజుల గడువిస్తే పెడతానని మర్నాడు కబురు పంపాడు. పుష్కరాల పని ఉండగా బండిని వారం రోజులు ఆపే ప్రసక్తే లేదని తిరుగు కబురు వచ్చింది. అయినా పాత సామానులో ఒక మోటారు వెతికి, పంపు బిగించి, షెడ్డులో బల్ల మీద పెట్టి తిప్పి చూశాడు. నూనె తోస్తోంది. నాలుగో రోజు దొరబండి బ్రిడ్జి మీద నిండు లోడుతో, సరిగ్గా ఎత్తు మీద ఆగిపోయింది. అటూ ఇటూ బస్సులు నిలిచిపోయాయి. పోలీసులు వచ్చారు. రెండు క్రేన్లు పెట్టి తీసేసరికి మధ్యాహ్నం దాటింది. పనుల మీదున్న అధికారి ఎవరో బుల్లబ్బాయి గారిని నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాడట. ఇసుక వాటా ఇంకొకరికి పోయింది. అబ్రహాముకి ఇవ్వాల్సిన మిగతా సగం గురించి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి అతనికీ మొహం లేదు.

ఫైనాన్సు ఆసామి మే నెలలో షెడ్డు తీసుకున్నాడు. లేతునీ ప్రెస్సునీ ఒక వ్యానులో వేసుకుపోయారు. ఆ ఆదివారం చర్చి అయ్యాక పాస్టరయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, దేవుడు తన వాళ్లనే పరీక్షిస్తాడు, ఓర్చుకోండి అన్నారు. దేవకుమారి కాఫీ ఇచ్చింది.

"పరీక్షలో ఏం అడుగుతారో ముందు చెప్తే బాగుండేదండి అయ్యగారూ. మా బళ్లో పిల్లలకి మేం చెప్తాం," అంది.

ఆయన నవ్వాలో వద్దో తెలియక కాఫీ తాగేసి వెళ్లారు.

పుష్కరాల పన్నెండు రోజులూ దొరబండి కొవ్వూరు గట్టు మీదే ఉంది. స్నానాలు చేసి వచ్చిన వాళ్లు దాని మీద తడి బట్టలు ఆరేసుకున్నారు. ఎడమ పక్క స్టీరింగు చూసి పిల్లలు వింతపడ్డారు. సత్తిరాజు బుల్లబ్బాయి గారి ఇంకో లారీ ఎక్కాడు. అది మామూలు లారీ, దాని గేర్‌బాక్సుకి దిగుడులో ఏమీ కాదు.

షెడ్డు పోయినప్పటి నుంచీ అబ్రహాము ఇంట్లోనే ఉన్నాడు. మొదట్లో కూలీగా ఎవరి షెడ్డులోనైనా చేరమని దేవకుమారి చెబితే వినలేదు. అతన్ని తినేస్తున్నది షెడ్డు ఒక్కటే కాదు. అసలు తను కట్టింది సరైనదా, కాదా? ఆ ఇంజను బలాన్ని ఆ ప్లేట్లు మోసేవా? ఇంజను ఆపకుండా నడిపి ఉంటే ఏళ్ల తరబడి నిలిచేదా, లేక అప్పుడు కూడా ఇంకెక్కడో ఇంకో కారణంతో పోయేదా? దిగుడు అనే ఒక్క కారణం దొరికేసరికి మిగతావన్నీ దాని వెనక దాక్కున్నాయి. మూడుసార్లు పోయిన బాక్సులో తన పని ఎంతవరకు బాగుందో కనుక్కోవాలంటే ఒకటే దారి, చివరిసారి పోయిన ఆ బాక్సుని విప్పి చూడాలి. మొదటి గేర్ల ప్లేట్లు, దిగుడుతో సంబంధం లేనివి, ముందు రెండుసార్లూ తను పట్టించుకోనివి, ఎలా ఉన్నాయో చూస్తే తెలిసిపోతుంది. అవి బాగుంటే పని వచ్చినట్టు. కాలితే రానట్టు.

బుల్లబ్బాయి గారి దగ్గరికి వెళ్లి అడగడానికి నెల పట్టింది. వెళ్లేసరికి ఆయన బండిని కిలోల లెక్కన తుక్కు వ్యాపారికి అమ్మేశారు. వ్యాపారి అడ్డా ధవళేశ్వరం రోడ్డులో ఉంది. అబ్రహాము బస్సు దిగి నడుచుకుంటూ పోయాడు. చాసీని గ్యాసుతో కోసి ముక్కలు పేర్చి పెట్టారు. గేర్‌బాక్సు ఎక్కడని అడిగితే, పై తొడుగు అల్యూమినియం కదా, పగలగొట్టి అంతకు ముందు రోజే లారీకెక్కించామన్నాడు అక్కడి మనిషి. లోపలి ప్లేట్లో? ఇనుములో కలిసిపోయాయి. పోనీ ఒక్కటైనా కనబడుతుందేమోనని అబ్రహాము ఆ ఇనుప గుట్ట చుట్టూ తిరిగాడు. గుట్ట మనిషి ఎత్తుంది. ఆటో లీవర్లు, పంపు పైపులు, సైకిలు ఫ్రేములు, పాత బీరువా తలుపు. కాసేపు తవ్వాడు. ఏం పోయిందండీ, బంగారం గానీ పోయిందా అని అక్కడ పనిచేసే ఆడమనిషి ఒకావిడ అడిగింది. ఏం లేదమ్మా అని చేతులు దులుపుకుని వచ్చేశాడు.

బ్యాటరీ పంపు మాత్రం చాలాకాలం ఇంట్లో మంచం కింద ఉంది. బిగించడానికి బండి లేదు. మన లారీలకి దానితో పని లేదు. ఒక వేసవిలో దేవకుమారి దాన్ని పాత పేపర్ల వాడికి వేసేసింది. అతను చూశాడు.

తర్వాత అతను రావులపాలెంలో ఒక షెడ్డులో రోజు కూలికి చేరాడు. యజమాని అతని కన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, ఒకప్పుడు అబ్రహాము దగ్గర గేర్లు కడిగినవాడే. మర్యాదగానే చూస్తాడు, గురువుగారూ అంటాడు, శనివారం కూలి చేతిలో పెడతాడు. అబ్రహాము క్లచ్ ప్లేట్లు మారుస్తాడు, బేరింగులు ఎక్కిస్తాడు. మాట తగ్గింది. పొద్దున ఆరింటి బస్సుకి వెళ్లి రాత్రి తొమ్మిదింటికి వస్తాడు. పాలిష్ పట్టిన గేరు మీద వేలు రాసి చూసే అలవాటు కూడా పోయింది. చూడకుండానే బిగిస్తున్నాడని ఒకసారి యజమాని పక్కవాళ్లతో అన్నాడు, ఫిర్యాదుగా కాదు, బాధగా.

దేవకుమారి రెండు వేల తొమ్మిదిలో హెడ్మాస్టరు అయింది. దొరబండి కోసం పెట్టిన సొసైటీ లోను మధ్యలో ఒకసారి తిరగరాయించుకోవాల్సి వచ్చింది, వడ్డీ పెరిగింది. నెల నెలా ఆవిడ జీతంలోంచే కోసుకుంటున్నారు. ఇంకా పదకొండు వేల ఎనిమిది వందలు బాకీ ఉంది.